టైంషేర్ పాయింట్లతో క్రూజ్: పాయింటు విలువ ఇలా తేల్చుకోండి

మీ టైంషేర్ (రిసార్టులో ఏటా కొన్నాళ్లు ఉండే హక్కు) కింద ఏటా వచ్చే పాయింట్లతో నలుగురికి కరీబియన్ క్రూజ్ (ఓడ విహారం) తీసుకోవచ్చా అని అడిగారు, దానికి టైంషేర్ కంపెనీ వాళ్లు 20,000 పాయింట్లు, పైన 2,800 డాలర్లు అడుగుతున్నారన్నారు కదండీ. అదే తేదీకి, అదే రకం క్యాబిన్‌కి క్రూజ్ కంపెనీ సైట్‌లో పన్నులు, పోర్టు ఫీజులతో కలిపి ధర ఎంతో చూడండి. అది 4,000 అయితే మీకు మిగిలేది 1,200, అంటే పాయింటుకి 6 సెంట్లు. ఇప్పుడు టైంషేర్‌కి మీరు ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజుని ఆ ఏడాది పాయింట్లతో భాగించండి, ఒక్కో పాయింటు మీకు ఎంత పడిందో తెలుస్తుంది. 8 సెంట్లు వస్తే నష్టమే. పాయింట్లు రిసార్టుకి ఉంచుకుని, క్రూజ్‌కి డబ్బే కట్టండి. ఈ ఏడాదితో గడువు తీరిపోయే పాయింట్లైతే మాత్రం వాడేయండి, ఆ 1,200 అయినా దక్కుతుంది.

ఓడ సిబ్బందికిచ్చే టిప్పులు సాధారణంగా విడిగా, మనిషికి రోజుకి ఇంత అని పడతాయి, పిల్లలకి కూడా. ఆ 2,800లో అవి ఉన్నాయా, రద్దు చేస్తే పాయింట్లు తిరిగొస్తాయా అన్నది ఈమెయిల్‌లో రాయించుకున్నాకే కార్డు నంబరు ఇవ్వండి.