చదువు పెరిగినా ఆడవాళ్ల ఉద్యోగాలు ఎందుకు పెరగడం లేదు? నేను చూసినంతలో

"ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదువుతున్నారు, కొన్నిచోట్ల ఇంకా బాగా చదువుతున్నారు. అయినా ఇంకా ఎదుగుతున్న దేశాల్లో ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి ఎందుకు కనబడరు? మా చెల్లి డిగ్రీ అయ్యి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. అది తన ఇష్టమా, మా తప్పా?" అని ఒక అన్నయ్య నన్ను అడిగారు. ఆయనకు నా జవాబు ఇది.

నేను ఆర్థికవేత్తను కాను. రెండేళ్లు ఇంటింటికీ తిరిగి సర్వేలు చేశాను. ఆ తర్వాత నాలుగేళ్లు అమ్మాయిలకు కంప్యూటర్ నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో పనిచేశాను. అక్కడ చూసింది, ఆ తర్వాత కుతూహలం కొద్దీ చదివింది చెబుతాను.

సర్వే ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: "గత వారం రోజుల్లో మీరు ఏదైనా పని చేశారా?" ఒక ఇంట్లో ఒకావిడ గడప దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. కుట్టినవి ఒక కుప్ప, కుట్టాల్సినవి ఇంకో కుప్ప. దారం కొసను నోట్లో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ, తల కూడా ఎత్తకుండా, "నేనేం పని చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను" అంది. వాళ్లు చెప్పిందే రాయాలని మాకు ముందే చెప్పారు. "లేదు" దగ్గర టిక్ పెట్టి లేచాను. నాలుగడుగులు వేశాక మనసొప్పలేదు. వెనక్కి వచ్చి, "ఈ గుండీలకు డబ్బులిస్తారా అక్కా?" అని అడిగాను. "ఇస్తారు, డజనుకింత అని. మూటలు తెచ్చేదీ, డబ్బులు తీసుకునేదీ మా ఆయనే. ఆ లెక్క నాకు తెలీదు" అంది.

టిక్ మార్చాను. కానీ అంతకు ముందు ఎన్ని ఇళ్లలో వెనక్కి తిరిగి అడక్కుండా వచ్చేశానో!

అప్పటి నుంచి ఆడవాళ్ల ఉపాధి గురించి ఏ అంకె చూసినా, ముందు ప్రశ్న ఎలా అడిగారో చూస్తాను. 2013లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పిలిచిన గణాంక నిపుణుల సమావేశం, జీతం లేని ఇంటి చాకిరీ కూడా 'పని' కిందికే వస్తుందని ఒప్పుకుంది. 'ఉపాధి' మాత్రం జీతం కోసమో లాభం కోసమో చేసేదే అంది. అంటే ఇంట్లోవాళ్లు తినడానికి మాత్రమే పంట పండించే ఆవిడ పని చేస్తున్నట్టే, కానీ ఉపాధిలో లేనట్టు. భారతదేశంలో 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో (రోజులో ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే సర్వే అది), ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. 'చేసే మగవాళ్లు' అన్న మాట గమనించండి. అసలు చేయనివాళ్లు ఆ 97లో లేరు. వాళ్లను కూడా కలిపితే ఆ అంకె ఇంకా పడిపోతుంది.

ఇక చదువు సంగతి. చదువు పెరిగితే ఉద్యోగం దానంతటదే వస్తుందని మనందరం అనుకుంటాం. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చూపించిన లెక్క వేరు. దేశం పేదగా ఉన్నప్పుడు ఆడవాళ్లు పొలంలోనో ఇంటి దగ్గరి వ్యాపారంలోనో పనిచేస్తారు. పని ఫ్యాక్టరీలకు మారి, ఇంటి ఆదాయం కాస్త పెరిగేసరికి వాళ్లు తగ్గిపోతారు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలు వచ్చాక, చదువుకున్నవాళ్లు మళ్లీ పెరుగుతారు. గీత గీస్తే ఇంగ్లిష్ అక్షరం 'యు' లా ఉంటుంది. మీ చెల్లి బహుశా ఆ 'యు' అడుగున ఉంది. కూలి పనికి పంపరు, పంపాల్సిన అవసరమూ లేదు. తన చదువుకు తగ్గ ఉద్యోగం దగ్గర్లో లేదు. అయితే గీత దానంతటదే పైకి లేస్తుందనుకుంటే పొరపాటు. జోర్డాన్‌లో, ఇరాన్‌లో యూనివర్సిటీల్లో అటూఇటుగా సగం మంది అమ్మాయిలే, ఉద్యోగాల్లో మాత్రం చాలా తక్కువ.

ఎందుకు లేవదో నాకు శిక్షణ కేంద్రంలో అర్థమైంది. ఒక బ్యాచ్‌లో ఇరవై నాలుగు మంది చేరారు, అందరూ కోర్సు పూర్తి చేశారు. ఒక కంపెనీ వచ్చి పద్దెనిమిది మందిని ఎంపిక చేసుకుంది. మేం కేంద్రంలో పండగ చేసుకున్నాం. ఉద్యోగంలో చేరింది నలుగురు. ఎందుకు చేరలేదని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "అమ్మకి ఒంట్లో బాగాలేదు మేడమ్", "నాన్న వద్దన్నారు", "చూస్తాను మేడమ్". నెల రోజులు అవే జవాబులు. చివరికి ఒక అమ్మాయి అసలు సంగతి చెప్పింది: "డ్యూటీ ఎనిమిదింటికి అయిపోతుంది మేడమ్. తర్వాత బస్సు తొమ్మిదింటికి. ఆ గంట ఎక్కడ నిలబడాలి?"

ఆ గంట! జీతం గురించి, హోదా గురించి, ఆత్మవిశ్వాసం గురించి మేం బోలెడు క్లాసులు చెప్పాం. ఆ గంట మాకెవరికీ తట్టలేదు. కంపెనీతో మాట్లాడితే డ్యూటీ ముందుకు జరపడానికి ఒప్పుకున్నారు, ఒక వ్యాన్ కూడా పెట్టారు. ఇంకో తొమ్మిది మంది చేరారు. వాళ్లలో సగం మంది పెళ్లయ్యాకో బిడ్డ పుట్టాకో మానేశారు, అది కూడా దాచను. బిడ్డను చూసుకునే మనిషి లేకపోతే వ్యాన్ ఉండీ ఏం లాభం? నేనూ పాప పుట్టాక ఏడాదిన్నర మానేసినదాన్నే. ఆ రోజుల్లో సర్వేవాళ్లు మా ఇంటికొస్తే, "ఇంట్లోనే ఉంటాను" అనే చెప్పేదాన్ని.

'నాన్న వద్దన్నారు' గురించి ఒక పరిశోధన నాకు బాగా నచ్చింది. సౌదీ అరేబియా డబ్బున్న దేశమే అనుకోండి, కానీ విషయం ఎక్కడైనా ఒకటే. అక్కడ పెళ్లయిన యువకులను విడివిడిగా అడిగితే, ఆడవాళ్లు బయట ఉద్యోగం చేస్తే తప్పులేదని ఎక్కువమంది అన్నారు. కానీ పక్కవాళ్లు మాత్రం ఒప్పుకోరనుకున్నారు. పక్కవాళ్లు కూడా నీలాగే అనుకుంటున్నారయ్యా అని చెప్పేసరికి, భార్య పేరు ఉద్యోగాల సేవలో నమోదు చేయించినవాళ్లు పెరిగారు. కొన్ని నెలల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలో దరఖాస్తు చేసి ఇంటర్వ్యూకు వెళ్లిన ఆడవాళ్లూ ఎక్కువే. 2020లో అచ్చయిన పరిశోధన అది. నలుగురూ ఏమనుకుంటారో అని మనం భయపడే ఆ నలుగురూ మనల్ని చూసి భయపడుతున్నారన్నమాట.

ఉద్యోగం కళ్లముందు ఉంటే చదువు కూడా దాని వెనకే వస్తుంది. బంగ్లాదేశ్‌లో దుస్తుల ఫ్యాక్టరీలకు దగ్గర్లో ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ ఏళ్లు బడిలో ఉన్నారని, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయని పరిశోధకులు గమనించారు. లెక్కలొస్తే మంచి పని దొరుకుతుందని తల్లిదండ్రులకు కనబడింది మరి. ఆ ఫ్యాక్టరీల్లో అంతా బాగుందని కాదు. 2013లో అలాంటి ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

పదవుల గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. ఆఫ్రికాలోని రువాండా 2003లో, పదవుల్లో ఆడవాళ్లు కనీసం 30 శాతం ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. 2008 నాటికి అక్కడి దిగువ సభలో ఆడవాళ్లదే మెజారిటీ. భారతదేశంలో 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీల్లో మూడో వంతు ఆడవాళ్లకు ఉంచింది. "పదవి ఆవిడది, పెత్తనం ఆయనది" అని అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. కానీ పశ్చిమ బెంగాల్‌లో రెండు విడతలు మహిళా ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి పదవి) ఉన్న ఊళ్లలో, ఆడపిల్లల చదువుకూ మగపిల్లల చదువుకూ మధ్య తేడా పోయిందని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అక్కడే ఇంకోటి కూడా ఉంది: ఆడవాళ్లకు ఉద్యోగావకాశాలు పెరిగిన ఆనవాళ్లు దొరకలేదు. అంటే ఆశ ముందు వచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. మళ్లీ అదే గంట బస్సు కథ.

మీ చెల్లి విషయానికొస్తే, "ఉద్యోగం చేస్తావా?" అని అడగకండి. "చూద్దాంలే అన్నయ్యా" అంటుంది, మా అమ్మాయిలు నాతో అన్నట్టే. ఏ టైముకు వెళ్లాలి, ఏ టైముకు రావాలి, ఎలా వస్తుంది, ఆ సమయంలో ఇంట్లో తను చేసే పని ఎవరు చేస్తారు, అవి అడగండి. చివరి ప్రశ్నకు మీ పేరు చెబితే ఆశ్చర్యపోకండి. అమ్మని, నాన్నగారిని విడివిడిగా కూర్చోబెట్టి కూడా అడగండి, ఒకరి ముందు ఒకరిని వద్దు. ఇంకోటి, తన పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా? ఉంటే ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?