పాత పడవకు కొత్త తాళ్లు: ముందు కప్పీ చక్రాన్ని చూడండి

కళింగపట్నంలోని మీ 24 అడుగుల పాత పడవలో, పెద్ద తెరచాపను ఎంత బిగించినా గాలి పెరగగానే సడలుతోందనీ, అందుకని తాళ్లన్నిటినీ డైనీమాకు (దాదాపు సాగని, చాలా గట్టి కృత్రిమ దారపు తాడు) మార్చాలనుకుంటున్నాననీ రాశారు. అన్నీ మార్చనక్కరలేదండి. తెరచాపను పైకెత్తే హేలియార్డుకు మాత్రం పాలిస్టర్ తొడుగున్న డైనీమా సరిపోతుంది. అయితే ఇంతవరకూ అక్కడ ఉక్కు తీగ ఉందన్నారు కనుక, మాస్ట్ (తెరచాప స్తంభం) పైనున్న కప్పీ చక్రపు గాడి సన్నగా, అంచులు గరుకుగా ఉంటే అది కొత్త తాడును కొన్నాళ్లకే కోసేస్తుంది, కాబట్టి ముందు ఆ చక్రాన్ని మార్చించండి. సాగని తాడు గాలి కుదుపును తనలో ఇముడ్చుకోదు, ఆ భారమంతా పాత బిగింపుల మీదే పడుతుంది. అందుకే స్పిన్నకర్‌ను (వెనుక గాలికి పడవ ముందు ఉబ్బే పలుచని తెరచాపను) ఎత్తే తాడుకు నేనైతే కాస్త సాగే మామూలు పాలిస్టరే ఉంచుతాను. తొడుగు లేని డైనీమాకు వేసిన ముడి జారుతుంది, గనుక కొసను తాడులోకే అల్లించాలి. ఆ పనిని మన రేవులో వలలు బాగుచేసే పెద్దలకు ఒకసారి చూపిస్తే ఇట్టే పట్టేస్తారు.