తేలివచ్చిన మలినం స్లాగ్‌లో చేరినట్టేనా?

ప్రశ్న: కరిగిన ఉక్కు సాంద్రతలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ అనే మలినం) సాంద్రత దాదాపు సగమే కదా! మరి లాడిల్‌లో (కరిగిన ఉక్కును ఉంచే పెద్ద పాత్రలో) ఆ కణాలన్నీ వాటంతట అవే పైకి తేలి స్లాగ్‌లో (ఉక్కుపై తేలే కరిగిన ఆక్సైడ్ల పొరలో) కలిసిపోకుండా ఉక్కులో ఎందుకు మిగిలిపోతున్నాయి?

జవాబు: తేలే వేగం కణం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. ద్రవంలో చిన్న కణాల వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రంతో లెక్కగడితే, నిశ్చలంగా ఉన్న ఉక్కులో 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అల్యూమినా కణం మీటరు ఎత్తు ఎక్కడానికి సుమారు 6 నిమిషాలు పడుతుంది; 10 మైక్రాన్ల కణానికైతే 10 గంటలు కావాలి. అంతసేపు ఉక్కును నిలిపి ఉంచలేరు కాబట్టి అడుగు నుంచి ఆర్గాన్ ఊది కలియబెడతారు. అప్పుడు కణాలు ఒకదానికొకటి తగిలి గుంపులు కడతాయి, బుడగలకు అంటుకుని పైకి వస్తాయి.

మీ ప్రశ్నలో అసలైన చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. పైకి చేరిన కణానికీ స్లాగ్‌కీ నడుమ పలుచని ఉక్కు పొర ఉంటుంది. అది తెగితేనే కణం ఆవలికి దాటుతుంది. అల్యూమినాను ఉక్కు తడపదు, వాటి స్పర్శకోణం (ద్రవం అంచు ఘన ఉపరితలంతో చేసే కోణం) 90 డిగ్రీలకు బాగా ఎక్కువ, కనుక పొర తెగగానే తలతన్యత కణాన్ని స్లాగ్ వైపు నెట్టేస్తుంది. ద్రవరూపంలోని కాల్షియం అల్యూమినేట్ (కాల్షియం ఆక్సైడ్, అల్యూమినా కలిసిన మలినం) బిందువును ఉక్కు మరింత బాగా తడుపుతుంది కాబట్టి దానికి ఆ ఊపు తక్కువ. అది అక్కడే తచ్చాడుతూ ప్రవాహంతో మళ్లీ లోపలికి పోవచ్చు.

1990లలో జపాన్ పరిశోధకులు కాన్‌ఫోకల్ లేజర్ సూక్ష్మదర్శినితో ఈ తేడాను కళ్లారా చూశారు. ఆర్గాన్ వాతావరణంలో, కరిగిన ఉక్కు ఉపరితలంపై, పదుల మైక్రాన్ల ఎడంలో ఉన్న ఘన అల్యూమినా కణాలు ఒకదానివైపు ఒకటి దూసుకువచ్చి అతుక్కున్నాయి. ప్రతి కణం చుట్టూ ఉపరితలం కాస్త వంగడం, ఆ వంపులు కలిసినప్పుడు తలతన్యత వల్ల కేశనాళిక ఆకర్షణ పుట్టడం ఇందుకు కారణం. ద్రవ బిందువుల మధ్య అలాంటి ఆకర్షణ కనిపించలేదు. ఎంతో అపురూపమైన పరిశీలన ఇది. అయితే అక్కడ ఉక్కుపై ఉన్నది వాయువు, కాబట్టి స్లాగ్ కింద కూడా ఆకర్షణ అంతే బలంగా ఉంటుందని అనుకోకూడదు.

దాటిన కణం స్లాగ్‌లో కరగాలి కూడా. స్లాగ్ చిక్కగా ఉన్నా, అప్పటికే అల్యూమినాతో సంతృప్తమై ఉన్నా, కణం సరిహద్దు దగ్గరే ఉండిపోతుంది. ఆ స్థితిలో ఆర్గాన్‌ను ఉధృతంగా ఊదితే అది తిరిగి ఉక్కులోకి రావడమే కాక, స్లాగ్ తునకలు కూడా తెగి లోపల పడతాయి. అందుకే శుద్ధి చివరి దశలో, స్లాగ్ పొర చీలి ఉక్కు గాలికి బయటపడనంత మెల్లగా ఆర్గాన్ పంపుతారు.