సండే స్కూలు బాధ్యత తీసుకున్న అమ్మాయికి

విశాఖపట్నం

అమ్మా,

ప్రభువు నామమున వందనాలు. సండే స్కూలు బాధ్యత సంఘం నీకు అప్పగించిందని విని ఎంతో సంతోషించాను. పాటలు, కంఠత వాక్యాలు, పాఠాలు నీకు నేను నేర్పనక్కరలేదు. కమిటీలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, దాని గురించే రాస్తున్నాను. మనల్ని నమ్మి పంపిన పిల్లలకు మన ప్రాంగణంలోనే కీడు జరగకుండా చూడాలి.

“మన సంఘంలో అలాంటివాళ్లు లేరు” అనే మాట నువ్వు తప్పక వింటావు. ఆ మాట విని ఏ ఏర్పాటూ మానుకోవద్దు. పిల్లలకు హాని తలపెట్టినవాడు ముందు తల్లిదండ్రుల నమ్మకం సంపాదిస్తాడు. చక్కగా పాడతాడు, అడగకుండానే పనులు చేస్తాడు, బిడ్డను బండి మీద ఇంటి దగ్గర దింపుతానంటాడు. ఎవరు మంచివారో తేల్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకే నియమం అందరికీ ఒకటే ఉండాలి: పెద్దవారెవరూ తలుపు వేసిన గదిలో ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. కీబోర్డు నేర్పే అబ్బాయికైనా, పాస్టరు గారికైనా, నీకైనా అంతే. ప్రతి తరగతికీ ఇద్దరు టీచర్లను పెట్టు. రాత్రిపూట పిల్లలకు విడిగా ఫోనులో సందేశాలు పంపవద్దని టీచర్లకు ఖండితంగా చెప్పు. వేరే సంఘం నుంచి వచ్చి పరిచర్య చేస్తామనేవారి గురించి అక్కడి పాస్టరు గారికి ఫోను చేసి, “మీ పిల్లలను ఈయనకు అప్పగిస్తారా?” అని సూటిగా అడుగు.

డిసెంబరు నెలలో మరీ జాగ్రత్త. క్యారల్స్‌కు జ్ఞానాపురం నుంచి గాజువాక దాకా ఆటోల్లో తిరిగి అర్ధరాత్రికి చేరతారు. ఏ ఆటోలో ఏ పిల్లలు, వెంట ఎవరు అన్నది ముందే కాగితం మీద రాసుకో. తిరిగి వచ్చాక బిడ్డను వీధి మొదట్లో దింపేయకుండా ఇంటివారి చేతికి అప్పగించాలి. వేసవి సెలవుల్లో పెట్టే బైబిలు పాఠశాల వీబీఎస్‌కూ, రుషికొండ విహారానికీ ఇదే పద్ధతి.

ఇక ఏ బిడ్డ అయినా నీతో చెప్పుకునే రోజు వస్తే? పిల్లలు తిన్నగా చెప్పరు. “ఆ అన్నయ్య బండి ఎక్కను” అంటారు. ఆదివారం వచ్చేసరికి కడుపునొప్పి అంటారు. అప్పుడు చేతిలో పని పక్కన పెట్టి బిడ్డ పక్కన కూర్చో. “నిజమేనా?” అనవద్దు. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?” అని అసలే అనవద్దు. “నాతో చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు” అను. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకు, ఆ మాట నువ్వు నిలుపుకోలేవు. గుచ్చి గుచ్చి అడగకుండా, బిడ్డ వాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టు తేదీ, సమయం వేసి ఆ రోజే రాసిపెట్టు. ఆ మనిషిని పిలిపించి బిడ్డ ఎదుట నిలబెట్టడం క్రూరత్వం.

తరువాత చేయవలసింది సంఘ పెద్దల సమావేశం కాదు. పిల్లల సహాయవాణి 1098కి గానీ పోలీసులకు గానీ వెంటనే చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ తెలియజేసి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ఠాణాకు వెళ్లాలంటే భయపడే తల్లికి ఈ మాట కూడా చెప్పు: బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ బిడ్డ కోరిన చోట గానీ, యూనిఫాం లేకుండా తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై వచ్చి తీసుకోవాలి. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో పక్కన ఉండాలి.

నీ నోరు మూయడానికి వాక్యం చూపిస్తారు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే సంఘ పెద్ద మీద ఫిర్యాదు తీసుకోకూడదని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉందంటారు. ఆ వెంటనే ఉన్న వచనం కూడా చదవమను. పాపంలో కొనసాగేవారిని అందరి ఎదుట గద్దించమని అక్కడే ఉంది. క్షమాపణ మాట కూడా తెస్తారు. క్షమించాలా వద్దా అన్నది బాధపడినవారి ఇష్టం. పరువు కోసం దాన్ని బిడ్డ చేత బలవంతంగా చెప్పించడం నా దృష్టిలో రెండో దెబ్బ.

ఇంకొకటి, దీన్ని ప్రార్థన అంశంగా చదవనివ్వవద్దు. పేరు చెప్పకుండా “ఫలానా వీధిలోని ఒక కుటుంబం కోసం” అన్నా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. బిడ్డ ఎవరో బయటపెట్టడాన్ని చట్టమూ ఒప్పదు.

కాపాడవలసింది పిల్లలనే కాదు. ఒంటరి వృద్ధురాలి పింఛను డబ్బు, ఇంటి కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయో స్త్రీల సమాజం వారు కనుక్కుంటూ ఉండాలి. వృద్ధులకు సహాయవాణి 14567 ఉంది. మతి స్థిమితం లేదని ప్రార్థనకు తెచ్చినవారిని కట్టేయడం, కొట్టడం, మందులు మాన్పించడం ఎవరు చేసినా అడ్డుపడు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ప్రార్థన చేస్తూనే అక్కడికి తీసుకువెళ్లవచ్చు.

ఇవన్నీ నోటిమాటగా వదలకుండా వచ్చే కమిటీలో తీర్మానంగా రాయించి పాస్టరు గారి చేత మొదటి సంతకం పెట్టించు. ఎవరైనా అభ్యంతరం చెబితే నాకు ఫోను చెయ్యి, నేనే వచ్చి మాట్లాడతాను. 1098 అంకెలను పెద్ద అక్షరాలతో రాసి, పిల్లల కంటికి అందే ఎత్తులో తరగతి గది గోడకు అతికించు.

ప్రేమతో,
నీ పాత టీచరమ్మ