అమ్మలూ, టిక్కెట్లు ఇంకా కొనకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను తీరిగ్గా చదివాను. విజయనగరంలో మీ పొద్దుటి యోగా క్లాసు ఆడవాళ్ళు పన్నెండు మంది, బాలిలో వారం రోజులు, ఉబుద్‌లో విల్లా, మూడు రోజులు జ్యూసు డిటాక్సు (తిండి మానేసి జ్యూసులే తాగడం), ఓ తెల్లవారుజామున బాటూర్ కొండెక్కి సూర్యోదయం, చివర్లో నుసా పెనీడా దీవి. ఫొటోలు చూస్తే నాకే బయల్దేరాలనిపించింది. కానీ ఆ పన్నెండు మందిలో ఎవరికి సుగరుందో, ఎవరి మోకాలు పట్టేస్తుందో అందులో ఎక్కడా లేదు. ఊరు ముందు కుదిరింది, మనుషులు తర్వాత వచ్చారు. దాన్ని తిరగెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నర్సుగా చేసి రిటైరైన దాన్ని కదా, బ్యాచ్‌తో ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు మందుల డబ్బాల మీదికే పోతాయి. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు. గ్రూపులో అడక్కు, అడిగితే అందరూ "నాకేం లేదమ్మా, బాగానే ఉన్నాను" అనే అంటారు. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వేసుకునే మాత్రల స్ట్రిప్పులు తెచ్చి చూపించమను. బీపీ, సుగరు, థైరాయిడ్, పాత ఆపరేషన్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఏ మందు పడదో అన్నీ రాసుకో. రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకి లేస్తారో కూడా అడుగు. నవ్వకు, గదులు పంచేటప్పుడు అదే పనికొస్తుంది.

ఇప్పుడా జ్యూసు సంగతి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ళు తిండి మానేస్తే సుగరు పడిపోతుంది, చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే సుగరు మాత్రలు, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఈమధ్య చాలామందికి రాస్తున్నారు. అవి వేసుకుంటూ ఉపవాసముంటే, సుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. డిటాక్సు మధ్యలో అవే వస్తే పక్కవాళ్ళు "విషాలు పోతున్నాయి, మంచిదే" అంటారు. ఆ మాట నమ్మి ఒక పూట ఆగితే మనిషి ఐసీయూకి చేరుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వైపు మనుషులకి క్రియాటినిన్ గురించి నేను చెప్పక్కర్లేదు. మీ బ్యాచ్‌లో కిడ్నీ కొంచెం తేడాగా ఉన్నవాళ్ళుంటే పాలకూర జ్యూసులు గ్లాసులు గ్లాసులు తాగించకు. అందులో ఆక్సలేటు ఎక్కువ, అది కిడ్నీని దెబ్బతీస్తుంది. ఒంట్లో చెత్త తీసే పని లివరూ కిడ్నీలూ రోజూ చేస్తూనే ఉంటాయి, వాటికి జ్యూసు కొట్టువాడి సాయం అక్కర్లేదు. తేలిగ్గా తినాలనుకుంటే మజ్జిగ పోసిన చోడి (రాగి) అంబలి చాలు. నన్నడిగితే ఆ మూడు రోజులూ కొట్టెయ్యి.

మనుషుల సంగతి తేలాక తేదీలు. మన ఆడవాళ్ళు ఎప్పుడు కదలగలరు? సంక్రాంతి ముందు కదలరు. సిరిమానోత్సవం చూడకుండా అక్టోబరులో విజయనగరం వదలరు. శ్రావణంలో వ్రతాలు, కార్తీకంలో దీపాలు. సంక్రాంతి అయ్యాక ఖాళీయే, కానీ జనవరి, ఫిబ్రవరి బాలిలో వానలు బాగా పడే నెలలు. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి. అందుకే నాకు ఆషాఢం నచ్చుతుంది. పెళ్ళిళ్ళుండవు, ముహూర్తాలుండవు, ఎవరి ఇంటి నుంచీ పిలుపులు రావు. అక్కడ ఎండ కాస్తుంది, ఉక్కపోత తక్కువ. జులై, ఆగస్టుల్లో విదేశీయులు ఎక్కువొచ్చి రేట్లు పెరుగుతాయి కాబట్టి, ఆ ఏడు ఆషాఢం జూన్‌లోనే మొదలైతే జూన్ ఆఖరి వారం చూడు. ఉగాది దగ్గర మాత్రం పెట్టకు. బాలివాళ్ళదీ శక సంవత్సరమే, వాళ్ళ కొత్త సంవత్సరం న్యేపి చాలా ఏళ్ళు మన ఉగాది దగ్గర్లోనే, కొన్నేళ్ళు నెల ముందు వస్తుంది. 2026లో రెండూ ఒకే రోజు, మార్చి 19. ఆ రోజు దీపం వెలిగించరు, ఎవరూ గడప దాటరు, ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసేస్తారు. మౌనంగా గడపాలనుకునేవాళ్ళకి అంతకంటే మంచి రోజు లేదు గానీ, పన్నెండు మందిని హోటల్లో నోరు మూయించి కూర్చోబెట్టడం నీ వల్ల కాదు.

సంక్రాంతి తర్వాతే వెళ్తామని అందరూ పట్టుబడితే శ్రీలంక చూడు. బెంటోట, బేరువల వైపు తీరం డిసెంబరు నుంచి మార్చి దాకా బావుంటుంది. చెన్నై నుంచి కొలంబో గంటన్నర లోపే, గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు. అక్కడ ఆయుర్వేద రిసార్టులు బోలెడు. ఒక్క మాట గుర్తుపెట్టుకో: మూడు రోజుల్లో పంచకర్మ అని ఎవరు చెప్పినా అది ఒట్టి మర్దనా ప్యాకేజీ. వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వెయ్యడం), రక్తమోక్షణం (రక్తం తియ్యడం), ఈ ఐదూ పంచకర్మ. వాటికి ముందు స్నేహనం (నూనె, నెయ్యి పట్టించడం), స్వేదనం (చెమట పట్టించడం) ఉండాలి, తర్వాత పథ్యం ఉండాలి. అన్నీ కలిపి రెండు మూడు వారాలు పడుతుంది, వైద్యుడు నాడి చూసి ఎవరికేది చెయ్యాలో తేలుస్తాడు. నుదుటి మీద నూనె ధార పోసే శిరోధార ఆ ఐదింట్లో లేదు. హాయిగా ఉంటుంది, చేయించుకోండి, దాన్ని పంచకర్మ అనుకుని డబ్బు కట్టొద్దు. పేరూ లైసెన్సూ లేని భస్మాలు, లేహ్యాలు మాత్రం తెచ్చుకోనివ్వకు. కొన్నింట్లో సీసం, పాదరసం ఉంటాయి.

బాలికే అనుకుంటే ఉబుద్ ఒక్కటే ఊరు కాదు. ఉబుద్ కొండల మీద ఉంది, సముద్రం ఉండదు. ఎయిర్‌పోర్టు నుంచి గంటన్నర, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. ఫుట్‌పాత్‌లు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. యోగా సెంటర్లు, వరి మళ్ళు, గుళ్ళు అక్కడే కాబట్టి మూడు రాత్రులు పెట్టుకో. మిగతా రోజులు సానూర్ మంచిది. తూర్పు తీరం, అలలు నెమ్మది, ఒడ్డు వెంట చదునైన కాలిబాట. మన భీమిలి బీచ్‌లో పొద్దున్నే నడిచినట్టే ఉంటుంది, కాకపోతే బజ్జీల బండి ఉండదు. కుట, సెమిన్యాక్ వైపు రాత్రుళ్ళు మ్యూజిక్ మోత, మనకొద్దు. బాటూర్ 1717 మీటర్ల కొండ, సూర్యోదయం చూడాలంటే రాత్రి రెండింటికే కారెక్కాలి. చీకట్లో ఎక్కడం ఒక ఎత్తు, వదులు రాళ్ళ మీద దిగడం ఇంకో ఎత్తు, మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే. నుసా పెనీడాలో స్పీడ్ బోటు కుదుపులు, నిట్టనిలువు మెట్లు. రెండూ తీసెయ్యి. బదులుగా తంపక్‌సిరింగ్‌లో తీర్థ ఎంపుల్ గుడికి పొద్దున్నే తీసుకెళ్ళు. ఊట నీళ్ళు రాతి ధారల్లోంచి పడుతుంటే కింద తల పెట్టి స్నానం చేస్తారు. మన వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళే వరసలో నిలబడతారు. సరోంగ్ (నడుముకి చుట్టుకునే లుంగీ లాంటి గుడ్డ) కట్టుకోవాలి, నెలసరిలో ఉన్నవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు, అది ముందే చెప్పు. దారుల మీద కొబ్బరాకు దొన్నెల్లో పూలు పెట్టి ఉంటాయి, ఆ నైవేద్యాల మీద కాలు పడకుండా నడవమను. కోతుల అడవి వద్దు. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది, కోతి గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి, టీకా కోసం పరిగెత్తాలి.

విల్లా బుక్ చేసే ముందు ఫోన్‌లో వీడియో తీసి పంపమను. బెడ్రూం నుంచి బాత్రూముకి నడిచి వెళ్తూ తియ్యమని చెప్పు. బాలిలో చాలా విల్లాల్లో బాత్రూముకి పైకప్పు ఉండదు, ఆకాశం కనిపిస్తూ ఉంటుంది. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది, రాత్రి రెండింటికి వానలో తడి రాళ్ళ మీద అరవై ఏళ్ళావిడ అడుగేసినప్పుడు తెలుస్తుంది. కింది అంతస్తు గదులు, గీజరు, పట్టుకోవడానికి కమ్మీ, ఈ మూడూ అడుగు. గురక పెట్టేవాళ్ళని ఒక గదిలో వెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళకీ తెలుసు. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీసు చార్జీ అదనం అని అర్థం, రెండూ కలిపి 21 శాతం దాకా అవుతుంది. అది కలిపాకే తలకి ఎంతో చెప్పు, లేకపోతే చివరి రోజు ముఖాలు మాడతాయి.

తిండికి ఇబ్బంది లేదు, అన్నం దొరుకుతుంది, సోయాతో చేసే టెంపే, టోఫూ దొరుకుతాయి. శాకాహారులకి చిక్కల్లా సంబల్‌తో. చూడ్డానికి మన పచ్చడిలాగే ఉంటుంది, కానీ చాలావాటిలో తెరాసి అనే రొయ్య ముద్ద కలుపుతారు. "తాన్‌పా తెరాసి" అంటే తెరాసి లేకుండా అని, ఈ ముక్క అందరిచేతా బట్టీ పట్టించు. కుళాయి నీళ్ళు తాగకూడదు, పళ్ళు తోముకోవడానికి కూడా సీసా నీళ్ళే. కందిపొడి, చోడిపిండి పట్టుకెళ్ళండి, మూడో రోజుకి అందరికీ చారు గుర్తొస్తుంది. విల్లా వంటింటిలో ఒక పూట మనమే వండుకుంటామని ముందే మాట్లాడు.

కాగితాల సంగతి తొందరగా చెప్తాను. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలి. ఇండోనేషియా వీసా మనవాళ్ళకి దిగాకే ఇస్తారు, 5 లక్షల రుపియా, ముప్ఫై రోజులు. ఆన్‌లైన్‌లో ముందే చేసుకుంటే క్యూ తప్పుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి బాలి టూరిస్టు రుసుం లక్షన్నర రుపియా వేరే. రూల్సు మారుతుంటాయి, టిక్కెట్టు కొనే వారం మళ్ళీ సర్కారు సైటులోనే చూడు, ఏజెంటు మాట మీద కాదు. వైజాగ్ నుంచి సింగపూర్ వెళ్ళి అక్కడ మారితే మొత్తం ఒకే టిక్కెట్టుగా తీసుకో. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోవాడికి నీతో పని లేదు. ఎక్కాల్సింది ఏ ఎయిర్‌పోర్టులోనో, వైజాగా, భోగాపురమా, అదీ చూసుకో. మందులు డాక్టరు చీటీతో, అసలు డబ్బాల్లోనే, చేతి సంచిలో పెట్టించు. నిద్రమాత్రల విషయంలో అక్కడ చాలా కఠినం. ఇన్సూరెన్సు తప్పదు, పాత జబ్బులు దాచకుండా రాయించు. అగ్నిపర్వతం బూడిద వల్ల 2017 నవంబరులో బాలి ఎయిర్‌పోర్టు మూసేశారు, 2024 నవంబరులోనూ విమానాలు రద్దయ్యాయి. ఆ ఖర్చు పాలసీలో ఉందో లేదో చదువు.

ఇంకోటి, ఇది నీకు మాత్రమే. టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ క్లాసు చెప్పకు. జీతం లేకపోయినా దాన్ని పని కిందే చూసి వెనక్కి పంపించేసే అధికారం వాళ్ళకుంది. ఉబుద్‌లో లైసెన్సున్న సెంటరు టీచరునే పెట్టు, నువ్వు అందరితో పాటు చాప వేసుకో. డబ్బు కూడా నీ ఖాతాలో వేయించుకోకు. టూర్ కంపెనీకి నేరుగా కట్టించు, రసీదు ఎవరి పేరున వాళ్ళకి. ప్యాకేజీ మీద టీసీఎస్ (కంపెనీవాళ్ళే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, ఇన్‌కంటాక్స్ రిటర్నులో సర్దుకోవచ్చు, అందుకే పాన్ నంబరు సరిగ్గా ఇవ్వమను. మొన్నామధ్య తెలిసినావిడ ఒకరు అడ్వాన్సు చేతికిచ్చి, ట్రిప్పు రద్దయ్యాక ఏజెంటు ఇంటి చుట్టూ ఆర్నెల్లు తిరిగింది. రద్దయితే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద లేనిదే రూపాయి కట్టొద్దు.

రోజువారీ ప్లాను రాసేటప్పుడు మధ్యాహ్నం భోజనం నుంచి నాలుగున్నర దాకా ఏమీ పెట్టకు. వర్క్‌షాపు వద్దు, షాపింగ్ వద్దు, ఏమీ వద్దు. ఇంట్లో ఏ మధ్యాహ్నం తలుపు కొట్టేవాళ్ళు లేకుండా పడుకున్నారు వాళ్ళు? సెంటరువాళ్ళు ఖాళీ చూసి సౌండ్ హీలింగ్ అని ఏదో ఒకటి ఇరికించాలని చూస్తారు, ఒప్పుకోకు.

ముందు ఆ పన్నెండు మంది మందుల లిస్టు రాసి పట్టుకురా. ఆదివారం పొద్దున్న అరసవల్లి దర్శనం చేసుకుని నేరుగా ఇంటికొచ్చెయ్యి, టిఫిన్ ఇక్కడే. కూర్చుని ఒక్కో పేరూ చూద్దాం. మీ అమ్మ కూడా వస్తానంటోంది కాబట్టి దాని మాత్రల స్ట్రిప్పులు మర్చిపోకు, అది "నాకేం లేదు" అనే రకం.

మీ పెద్దమ్మ,
శ్రీకాకుళం