పరుగు సరే, ఎవరికి చెప్పావన్నదే నా బెంగ

చిరంజీవి చెల్లాయికి, నెల్లూరు నుంచి అక్క ఆశీస్సులు.

మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో నీ ప్రకటన చూశాను. ముప్పై అయిదు దాటిన వాళ్లకు పెట్టే మాస్టర్స్ పోటీలు వస్తున్నాయి కదా, వాటిలో 5000 మీటర్లు 30 నిమిషాల లోపు పరిగెత్తుతానని, ఆ తర్వాత ఏడాది తిరగకుండా హాఫ్ మారథాన్ కూడా పూర్తి చేస్తానని రాశావు. యాభై ఏడేళ్ల వయసులో! మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. పడక్కుర్చీలో కూర్చుని ఎడమ పిక్క ఒకసారి తడుముకున్నారు, అంతే.

మొదట గర్వమే కలిగింది, దాచడమెందుకు. డీకే మహిళా కళాశాలలో చదివే రోజుల్లో, నిక్కరు వేసుకుంటే ఊరుకోనని చిన్నాన్న అన్నందుకు పంజాబీ డ్రెస్సుతోనే 800 మీటర్లు పరిగెత్తిన పిల్లవి నువ్వు. చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, రెండో చుట్టు చివరి మలుపులో నువ్వు వస్తుంటే ముందున్న అమ్మాయి మెడ తిప్పి చూసింది. అక్కడితో ఆ పిల్ల పని అయిపోయింది. ఉద్యోగం చేసినంత కాలం మా బడి పిల్లలకు ఆ మలుపు కథ చెప్పే వెనక్కి చూడవద్దని నేర్పాను. నువ్వేమో పెళ్లయి ఒంగోలు వెళ్లాక బూట్లు అటక మీద పెట్టావు. ఇన్నేళ్లకు దించావు. సంతోషం.

బెంగ తర్వాత మొదలైంది, నీ ప్రకటన కింద వరసగా లేచిన బొటనవేళ్లు చూశాక. అమెరికాలో ఉన్న మేనకోడళ్లు రోజూ ఎంత దూరం పరిగెత్తావో గ్రూపులో పెట్టమంటున్నారు. మా మరిదిగారు, అదే మీ ఆయన, అప్పుడే నీ మెడలో పతకం వేసి బొమ్మ కూడా తయారు చేశారు. ఒక్కరైనా మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారా?

అందరికీ తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. మొదలుపెట్టక ముందే డాక్టరు దగ్గరకు వెళ్లి ఈసీజీ తీయించుకో. నువ్వు వేసుకునే బీపీ మాత్రల పేర్లు చూపించి, పరుగు మొదలుపెడుతున్నానని నోరు విప్పి చెప్పు. కొన్ని మాత్రలు నాడిని పైకి పోనివ్వవు, అప్పుడు చేతి గడియారం చూపించే గుండె లెక్క నమ్మడానికి లేదు. మరికొన్ని ఒంట్లో నీరు లాగేస్తాయి. వయసు పెరిగే కొద్దీ దాహం సరిగా తెలియదు కాబట్టి దాహం వేసే దాకా ఆగకు. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పక్కన నడిచే మనిషితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అదే నీ మామూలు రోజు వేగం, వారంలో ఎక్కువ రోజులు దాన్ని దాటవద్దు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 5000 మీటర్లంటే ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు. 30 నిమిషాలలో ముగించాలంటే ఒక్కో చుట్టు 2 నిమిషాల 24 సెకన్లు. నీకు అది అసాధ్యం కాదు. కానీ ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? నువ్వు ఇప్పుడు ఎంతసేపట్లో పరిగెత్తగలవో చూసుకుని పెట్టావా, గుండ్రంగా బాగుందని పెట్టావా? నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. ముందు ఆ దూరం ఒకసారి హాయిగా, నడవాల్సి వస్తే నడిచి పూర్తి చెయ్యి. ఎంత పట్టిందో కాగితం మీద రాసుకో. ఎనిమిది వారాలు క్రమంగా చేశాక మళ్లీ పరిగెత్తి చూసుకో. ఆ రెండు అంకెలూ చేతిలోకి వచ్చాక అప్పుడు గురి పెట్టుకో. అంకె ముందు పుట్టి, శరీరం దాని వెనక పరిగెత్తడం నలభై దాటిన వాళ్లకు పనికిరాదు.

ఇక అసలు విషయం. గురిని నలుగురికీ చెబితే పట్టుదల పెరుగుతుందంటారు. పీటర్ గాల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 2009లో దీనికి అడ్డంగా ఒక మాట చెప్పారు. ఫలానా మనిషిని కావాలనుకుంటున్నానని చెప్పి ఎదుటివాళ్ల గుర్తింపు పొందితే, ఆ మనిషి అప్పుడే సగం అయిపోయినట్టు అనిపించి శ్రమ తగ్గుతుందట. నిజమే, అలాంటి వాళ్లను మైదానంలో చాలామందిని చూశాను. కొత్త టీషర్టుతో మొదటి వారం కనిపిస్తారు, మూడో వారానికి టీ అంగడి దగ్గర కనిపిస్తారు. నీది ఆ జబ్బు కాదు. నీది మీ బావగారి జబ్బు. అన్న మాట కోసం నొప్పి మింగే రకం.

ఆ కథ నీకు సగమే తెలుసు. కాలేజీలో వాలీబాల్ ఆడుతూ కాలు విరిగినట్టయిందని మీ అందరికీ చెప్పాం. అసలు జరిగింది ఇది. ఆయనకు యాభై నాలుగేళ్లప్పుడు, సంక్రాంతికి పాత విద్యార్థులకూ ఇప్పటి కుర్రాళ్లకూ మ్యాచ్ పెట్టారు. ట్రంకు రోడ్డులో రోజూ టీ తాగే చోట నిలబడి, "కుర్రాళ్ల మీద మొదటి స్మాష్ నాదే, కాకపోతే మీసం తీసేస్తాను" అన్నారు. అన్నాక ఊరుకోలేదు. కనిపించిన ప్రతివాడికీ చెప్పారు. పాలవాడికి కూడా.

కార్తీకం నుంచి సాధన మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి గెంతని మనిషి రోజూ గంటసేపు గెంతడం మొదలుపెట్టారు. ధనుర్మాసం వచ్చేసరికి పొద్దున్నే మంచం దిగి మొదటి పది అడుగులు గోడ పట్టుకుని వేస్తున్నారు. తర్వాత మామూలుగానే నడిచేవారు. ఏమిటండీ అంటే, గచ్చు చల్లగా ఉందన్నారు. నేను డ్రిల్లు టీచర్ని, నాకా చెప్పేది? మడమ పైన నరం పట్టుకుని చూడబోతే కాలు వెనక్కి లాక్కున్నారు. రెండు మడమలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమది లావుగా తెలిసిపోతోంది. స్నానాల గదిలో తలుపు వేసుకుని బామ్ రాసుకునేవారు. ఆ వాసన వాకిట్లోకి వచ్చేది. ఒక వారం ఆగండి అంటే, "అందరికీ చెప్పానే" అన్నారు. అదొక్కటే జవాబు.

మ్యాచ్ రోజు రెండో సెట్టు. స్మాష్ కోసం ఎడమ కాలి మునివేళ్ల మీద లేచారు. గ్యాలరీలో కూర్చున్న నాకు కూడా చప్పుడు వినిపించింది. ఆయన కింద పడి, వెనక్కి తిరిగి, "ఎవరు నన్ను తన్నింది?" అని అరిచారు. ఆయన వెనక నాలుగు గజాల దూరంలో ఎవరూ లేరు. బంతులు అందించే పిల్లవాడు బిక్కచచ్చి నిలబడ్డాడు, తనను తిడుతున్నారనుకుని. పిక్కను మడమకు కలిపే పెద్ద స్నాయువు తెగితే చాలామందికి అలాగే అనిపిస్తుందట, వెనక నుంచి ఎవరో తన్నినట్టు. ఎముకల డాక్టరు బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కి చూశారు. కుడి పిక్క నొక్కితే పాదం కదిలింది. ఎడమ పిక్క నొక్కితే పాదం వేలాడుతూ ఉండిపోయింది. ఈమధ్య జ్వరానికో మూత్రం మంటకో యాంటీబయాటిక్ ఏదైనా వాడారా అని అడిగారు. వాడలేదు గానీ, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు కొందరిలో, ముఖ్యంగా అరవై దాటిన వాళ్లలో, ఈ స్నాయువును బలహీనపరుస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. నువ్వూ గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా ఆ మందు రాస్తే పరుగు సంగతి డాక్టరుకు చెప్పు.

ఆపరేషన్ అయింది. మునివేళ్లు కిందికి వంచి కట్టు కట్టారు. చంకకర్రలు పోయి మామూలుగా నడిచేసరికి మామిడికాయల కాలం వచ్చింది. ఇప్పటికీ ఆ పిక్క రెండోదాని కంటే సన్నం. పంచె కట్టుకుంటే కనబడుతుందని ఇంట్లో కూడా ప్యాంటు వేసుకుంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కాలు కాదు. కోలుకున్నాక మొదటిసారి టీ అంగడికి తీసుకువెళ్లాను. మీసం సంగతి ఎవరైనా ఎత్తుతారని ఈయన తల వంచుకుని కూర్చున్నారు. ఒక్కరూ ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను. "సారు అలా అన్నారా?" అన్నారు. ఒక్కరికీ గుర్తు లేదు! ఎవరి ముందు పరువు పోతుందని రెండు నెలలు నొప్పి దాచుకున్నారో వాళ్లకు ఆ పందెమే గుర్తు లేదమ్మాయ్. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆయన మీదా, టీ అంగడి మీదా.

అందుకని ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఇది. గ్రూపులో మళ్లీ ఒక మాట రాయి. 30 నిమిషాల సంగతి, హాఫ్ మారథాన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టానని, వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు కండల కసరత్తు చేస్తానని, అది చేస్తున్నానో లేదో కావాలంటే అడగండని రాయి. మాట మార్చిందని ఎవరైనా అంటే అననీ. ఫలితం మన చేతిలో ఉండదు, ఆ రోజు ఎండ ఉంటుంది, జలుబు ఉంటుంది. పొద్దున్నే లేచి బూట్లు కట్టుకోవడం మన చేతిలో ఉంటుంది. అందరి ముందూ చెప్పదగినది అంతే.

అంకె మాత్రం ఒక్కరికి చెప్పు. ఆ ఒక్కరూ నిన్ను మెచ్చుకునేవాళ్లు కాకూడదు, ఆగమనే అధికారం ఉన్నవాళ్లు కావాలి. రొట్టెల పండుగకు నిన్ను స్వర్ణాల చెరువుకు తీసుకువెళ్లాను గుర్తుందా? కోరిక ఉన్నవాళ్లు రొట్టె ఎవరి దగ్గర తీసుకుంటారు? ఆ కోరిక అప్పటికే తీరినవాళ్ల దగ్గర. ఆరోగ్య రొట్టె కావాలంటే ఆరోగ్యం దక్కిన మనిషి ఎదురుగా నీళ్లలో నిలబడి అడుగుతాం గానీ, ఒడ్డున మైకులో చెప్పం కదా. నీ పరుగు కోరిక కూడా అలాగే చెప్పుకో. ఒంగోలు మినీ స్టేడియంలో పొద్దున్నే వచ్చే వాళ్లలో అరవై దాటి ఇంకా పోటీలకు వెళ్లే ఆడవాళ్లు ఎవరైనా ఉంటారు, వెతుక్కో. వాళ్లకు చెప్పు. ఎవరూ దొరకకపోతే నేనున్నాను.

మా మరిదిగారికి మాత్రం అంకె చెప్పవద్దు. ఆయనకు ఒక కాగితం ఇవ్వు. ఏమేమి జరిగితే ఆ రోజు పరుగు ఆపాలో నీ చేత్తో రాసి ఇవ్వు. గుండెలో పట్టినట్టున్నా, దవడకు, చేతికి నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అప్పటికప్పుడు ఆపి ఆసుపత్రికి. నిన్నటి నొప్పి ఇవాళ పొద్దున మరింత పెరిగితే ఆ వారం పరుగు లేదు, నడకే. నొప్పి వచ్చాక నిర్ణయించుకుందామంటే కుదరదు. అప్పుడు నువ్వు నువ్వుగా ఉండవు, నీ ప్రకటనగా ఉంటావు.

ఇంకో సంగతి, కాలేజీ నాటి 800 మీటర్ల సమయం ఎక్కడైనా రాసి పెట్టుకుని ఉంటే చింపెయ్యి. ఆ పిల్లతో పోటీ పెట్టుకోకు, ఆమెకు పంతొమ్మిదేళ్లు. మాస్టర్స్ వాళ్లు వయసును బట్టి శాతం కడతారు. నీ వయసు ఆడవాళ్లలో ప్రపంచంలో మేటి సమయంతో నీ సమయాన్ని పోల్చి ఇంత శాతమని చెబుతారు. సమయం ఏటా కాస్త పెరిగినా శాతం పెరగవచ్చు. నీకు ఆ లెక్క మంచిది. పంజాబ్‌కు చెందిన మాన్ కౌర్ 93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల వయసులో 100 మీటర్లు 74 సెకన్లలో పరిగెత్తింది. ఆ వయసు వర్గంలో ఆమె ఒక్కతే. పక్కన ఎవరూ లేకపోయినా పరిగెత్తింది. ఆమెతో సాధన చేయించింది సొంత కొడుకు, ఒక్కడు.

హాఫ్ మారథాన్ గురించి ఇక నాతో వాదించకు. 21 కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. అయిదు కిలోమీటర్లు నొప్పి లేకుండా ఒక ఏడాది గడిచాక అడుగు, నేనే నీతో వచ్చి నీళ్ల సీసా పట్టుకుంటాను. ఈలోగా రోజూ మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు నెమ్మదిగా కిందికి దించు, మళ్లీ లే. మీ బావగారి కాలు బాగు చేసింది ఆ పనే. ముందే చేసి ఉంటే బహుశా తెగేదే కాదు. ఒంటికాలి మీద నిలబడడం కూడా అలవాటు చేసుకో, పళ్లు తోముకునేటప్పుడు చాలు. మన వయసులో ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. రోహిణి కార్తెలో తెల్లవారక ముందే ముగించు, కార్తీకం వానలకు మైదానం బురదైతే ఇంట్లోనే కసరత్తు చెయ్యి. ఒక వారం పోయిందని తర్వాతి వారం రెండింతలు చేసేవు, ఊరుకోను.

పేరు ఇచ్చేటప్పుడు పుట్టిన తేదీ రుజువు అడుగుతారు. మాస్టర్స్‌లో ముప్పై అయిదు నుంచి అయిదేసి ఏళ్లకు ఒక వర్గం కాబట్టి నువ్వు ఇప్పుడు 55–59లో ఉంటావు. ఆ ఆటల్లో మాత్రమే మనుషులు పుట్టినరోజు కోసం ఎదురుచూస్తారు, వర్గం మారితే అందరిలోకీ చిన్నవాళ్లవుతారని. నీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడు. నిన్ను తొందరగా బడిలో వెయ్యాలని చిన్నాన్న ఒక ఏడాది కలిపి జూలై 1 అని రాయించారు. దానివల్ల ఉద్యోగంలో ఏడాది ముందే దిగిపోవాల్సి వస్తోందని నువ్వు ఎన్నిసార్లు తిట్టుకున్నావో నాకు తెలుసు. ఇప్పుడు అదే తేదీ ప్రకారం నీకు యాభై తొమ్మిదేళ్లకే అరవై ఏళ్ల వాళ్లతో పరిగెత్తే అవకాశం వస్తుంది. అది అన్యాయం కాదా అక్కా అని అడగకు, సర్కారు లెక్కలో నీ వయసు అదే. చిన్నాన్న నిక్కరు వద్దన్నా, ఈ సాయం మాత్రం చేసిపెట్టి వెళ్లారు.

ఇట్లు,
మీ అక్క