‘ఇంతకీ ఇది ఏ రకం సంగీతం అండీ?’

పోయిన సంచికలో గొరిల్లాజ్ అనే బ్రిటిష్ బ్యాండు తొలి ఆల్బమ్ గురించి నాలుగు మాటలు రాసి, విని మీకేమనిపించిందో చెప్పమన్నాం. ఆల్బమ్‌కి బ్యాండు పేరే పెట్టారు, 2001 మార్చిలో వచ్చింది, పదిహేను పాటలు. ఉత్తరాలు బాగానే వచ్చాయి కానీ సగం తిట్లే. తిట్టినవాళ్లు కూడా చివరిదాకా విని మరీ తిట్టారు కాబట్టి మాకేం బాధ లేదు. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నలు కలిపేశాం.

ప్ర: మీరు చెప్పారని విన్నాను. మొదటి పాట హాయిగా గిటారుతో పోతుంది. రెండోది రాక్. మూడోది నిద్రమత్తులో పాడినట్టు ఉంది. ఐదోదాంట్లో ర్యాప్, ఏడోదాంట్లో గోల, పన్నెండోది స్పానిష్‌లో! ఇంతకీ ఇది ఏ రకం సంగీతం అండీ? ఏదీ తేల్చుకోకుండానే ఆల్బమ్ తీసేశారా?

జ: పైపైన వింటే అలాగే అనిపిస్తుంది. ఒక పని చేయండి. గొంతు, గిటారు పక్కనపెట్టి బేస్, అంటే అడుగున మోగే లోతైన స్వరం, ఒక్కటే వినండి. మూడో పాట ‘టుమారో కమ్స్ టుడే’, ఐదోది ‘క్లింట్ ఈస్ట్‌వుడ్’, పద్నాలుగోది ‘స్లో కంట్రీ’, ఈ మూడూ వరసగా పెట్టుకుంటే చాలు. మూడింట్లోనూ బేస్ ముందుంటుంది, తొందరపడదు, డ్రమ్స్ సాదాగా ఒకే నడకలో పోతాయి, గొంతేమో ఎక్కడో వెనక గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతి జమైకాది, దాన్ని డబ్ అంటారు. 1970ల ప్రాంతంలో కింగ్ టబ్బీ లాంటి సౌండ్ ఇంజినీర్లు, అప్పటికే రికార్డయిన రెగే (జమైకా వాళ్ల సొంత సంగీతం) పాట తీసుకుని, అందులో గొంతు చాలావరకు తీసేసి, బేసూ డ్రమ్సూ పెంచి, అక్కడక్కడా మిగిలిన ముక్కలకి ఎకో తగిలించి కొత్త పాట చేసేవాళ్లు. అంటే కలపడం కంటే తీసేయడం ఎక్కువ. ఈ ఆల్బమ్‌కి పునాది అదే. దానిమీద హిప్‌హాప్ డ్రమ్స్ ఉన్నాయి, ఎందుకంటే నిర్మాత డాన్ ద ఆటోమేటర్ అమెరికన్ హిప్‌హాప్ నుంచి వచ్చినవాడు. ఈ రెండూ గట్టిగా ఉన్నాయి కాబట్టి పైన ర్యాప్ పెట్టినా స్పానిష్ పెట్టినా పడిపోలేదు.

ఇది మేం కల్పించి చెబుతున్నది కాదు. మరుసటి ఏడాది, అంటే 2002లో, స్పేస్‌మంకీజ్ అనేవాళ్లు ఇందులో చాలా పాటల్ని పూర్తి డబ్‌లోకి మార్చి ‘లైకా కమ్ హోమ్’ అని ఇంకో ఆల్బమే తెచ్చారు. మార్పు పెద్ద శ్రమలా వినిపించదు. సగం పని ఇక్కడే అయిపోయింది కదా మరి.

అయితే ఏడో పాట విషయంలో మీరన్నది నిజమే. పేరే ‘పంక్’, రెండు నిమిషాలు కూడా ఉండదు, దానికి మిగతావాటితో ఏ చుట్టరికమూ లేదు. మాకూ చేతనవును అని చూపించుకోవడానికి పెట్టినట్టుంది.

ప్ర: నాకు సంగీతం పెద్దగా రాదు కానీ తాళం తప్పితే తెలుస్తుంది. రెండో పాటలో గిటారాయనకీ డ్రమ్సాయనకీ మాటలు లేవా? ఒకరు ఎటో, ఒకరు ఎటో.

జ: మీ చెవి మంచిది. ఆ పాట పేరు చూశారా? ‘5/4’. గిటారు ఐదు లెక్కలో వాయిస్తుంటే డ్రమ్స్ నాలుగు లెక్కలో పోతుంటాయి. కావాలనే. గిటారు నాలుగు చుట్లు తిరిగేసరికి డ్రమ్స్ ఐదు చుట్లు తిరుగుతాయి, అంటే ఇరవై లెక్కలకోసారి ఇద్దరూ ఒకేచోట పడతారు. ఈసారి వేలితో డ్రమ్స్ మాత్రమే లెక్కపెట్టండి, గిటారు పట్టించుకోకండి. ఆ గిటారు ముందుకీ వెనక్కీ జారుతూ జారుతూ ఉన్నట్టుండి సరిగ్గా మీ వేలి మీద పడుతుంది. ఆ క్షణం కోసమే ఈ పాట రెండోసారి వినొచ్చు. విచిత్రం ఏమిటంటే లెక్క తెలియనివాళ్లు దీన్ని మామూలు రాక్ పాట అనుకుని తల ఊపేస్తారు. ఇబ్బందంతా మీలాంటివాళ్లకే.

ప్ర: ‘క్లింట్ ఈస్ట్‌వుడ్’ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మిగతా ఆల్బమ్ మాత్రం ఒక్కసారి వినడమే గగనమైంది. ఆరో పాట నుంచి ఆవలింతలు. ఒక్క హిట్ పాట చుట్టూ అల్లిన ఆల్బమ్ అని నా అభిప్రాయం. కాదంటారా?

జ: సగం ఒప్పుకుంటాం. ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే ‘మ్యాన్ రీసెర్చ్’ నుంచి ‘డబుల్ బాస్’ దాకా, నిజంగానే దిగజారుతుంది. ఒక పాటలో సన్నగా పెట్టిన గొంతు కాసేపటికి చిరాకు పుట్టిస్తుంది, ఇంకోటి పాటగా తయారు కాకముందే ఆపేసినట్టుంది. కానీ పదో పాట ‘రాక్ ద హౌస్’ నుంచి మళ్లీ లేస్తుంది. మీరు ఆవలిస్తూ విన్నారు కాబట్టి అక్కడిదాకా మీ చెవులు రాలేదని మా అనుమానం.

ఇక ఆ హిట్ పాట సంగతి. అంత గొప్పగా కుదిరిన పాటలో సొంతంగా కనిపెట్టింది ఎంత తక్కువో చూడండి. మొదట్లో వచ్చే ఆ డ్రమ్స్, తీగల మోత సుజుకి కంపెనీ ఆమ్నీకార్డ్ అనే చిన్న ఎలక్ట్రానిక్ వాయిద్యంలో ముందే దాచి ఉంచిన రిథమ్. బటన్ నొక్కితే ఎవరికైనా అదే వస్తుంది. పాట రాసిన డేమన్ ఆల్బర్న్ 2023లో ఒక ఇంటర్వ్యూలో ఆ వాయిద్యం పట్టుకొచ్చి, ‘రాక్ 1’ అనే బటన్ నొక్కి వినిపిస్తే, ఇరవై ఏళ్లకు పైగా ఆ బీట్‌ని నెత్తిన పెట్టుకున్న అభిమానులు నోళ్లు వెళ్లబెట్టారు. కొందరు మోసం అన్నారు కూడా. మోసం ఏముంది? ఆ బటన్ అందరికీ ఉంది, ఈ పాట ఒక్కడే చేశాడు.

దానిమీద మెలోడికా. నోటితో ఊదుతూ వేళ్లతో పియానో మెట్లు నొక్కే చిన్న వాయిద్యం, ఆడుకునే బొమ్మ అనుకుంటాం. జమైకాలో ఆగస్టస్ పాబ్లో దాన్ని డబ్ సంగీతంలోకి తెచ్చి పరువు నిలబెట్టాడు. ఇక్కడ అది వాయించిన తీరు పాత కౌబాయ్ సినిమాల సంగీతంలా ఉందనే ఆ సినిమాల నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ పేరు పాటకి పెట్టారు, పాటలో ఆయన ప్రస్తావనే లేదు. ఆపైన ఆల్బర్న్ పాడిన పల్లవి, మంచం మీద నుంచి లేవడానికి బద్ధకించినట్టు. అంతా అలా సోలిపోతుంటే ర్యాపర్ డెల్ దూకుతాడు, మాట వెంట మాట, ఊపిరి తీసుకుంటున్నాడా అన్నట్టు. ఆ బద్ధకం లేకపోతే ఈ వేగం ఇంత తెలిసేది కాదు. మొదట ఈ పాటకి ఫై లైఫ్ సైఫర్ అనే బ్రిటిష్ బృందం ర్యాప్ చేసింది, ఆ వెర్షన్ కూడా ‘జీ-సైడ్స్’ అనే సంకలనంలో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. వాళ్లూ తక్కువేం కాదు, కానీ డెల్ వచ్చాక పాటకి ఒక మనిషి వచ్చాడు.

ప్ర: బొమ్మలు పాడటం ఏమిటండీ? మా వాడు గదిలో పోస్టర్ కూడా అంటించాడు. అడిగితే ‘నాన్నా, వీళ్లు నిజం మనుషులు కాదు’ అంటాడు. మరి డబ్బులు ఎవరు తీసుకుంటున్నారు?

జ: డబ్బులు నిజం మనుషులే తీసుకుంటున్నారు, దిగులు పడకండి. బ్లర్ అనే రాక్ బ్యాండు గాయకుడు డేమన్ ఆల్బర్న్, కామిక్స్ బొమ్మలు వేసే జేమీ హ్యూలెట్, వీళ్లిద్దరూ లండన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉన్న రోజుల్లో 1998 ప్రాంతంలో మొదలుపెట్టారు. టీవీలో ఆ కాలపు మ్యూజిక్ వీడియోలు చూసి చూసి, అసలు బ్యాండ్లే బొమ్మల్లా ఉన్నాయి, మనం బొమ్మల బ్యాండే పెడదాం అనుకున్నారు. 2-డి, మర్డాక్, నూడుల్, రస్సెల్ అని నాలుగు పాత్రలు. కార్టూన్ బ్యాండు అనేది మరీ కొత్తేం కాదు, 1969లోనే ఆర్చీస్ అనే కార్టూన్ బ్యాండు పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. మొదట్లో కచేరీల్లో గొరిల్లాజ్ వాద్యగాళ్లు తెర వెనక నిలబడి వాయించేవాళ్లు, జనం చూసేది తెర మీద బొమ్మల్ని.

ఈ బొమ్మలంతా గిమ్మిక్కు అని ఇంకా చాలామంది రాశారు. గిమ్మిక్కే, కానీ పనికొచ్చే గిమ్మిక్కు. బ్లర్ గాయకుడిగా ప్రపంచానికి తెలిసిన తెల్ల కుర్రాడు తన మొహంతో డబ్ సంగీతమూ హిప్‌హాపూ చేస్తే ‘నీకెందుకయ్యా ఇది’ అని మొదటి రోజే అడిగేవాళ్లు. బొమ్మని ఎవరు అడుగుతారు? కథలో ర్యాపర్ డెల్‌ని రస్సెల్ బుర్రలో ఉండే దయ్యం అన్నారు. అంటే పాట మధ్యలో ఉన్నట్టుండి ర్యాప్ ఎందుకొచ్చిందీ అంటే, దయ్యం బయటికొచ్చింది కాబట్టి! ఇంత తేలిగ్గా ఒక సంగీతం నుంచి ఇంకో సంగీతంలోకి దూకే వీలు మామూలు బ్యాండుకి దొరకదు. ఆ పాత్రల పేరు మీద ఇచ్చిన ఇంటర్వ్యూలు మాత్రం ఇప్పుడు చదివితే విసుగే, అవి మీ వాడికి వదిలేయండి.

ప్ర: ‘19-2000’ నాకు ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో పరిచయం. ఎగిరి గంతులేయించే పాట. ఆల్బమ్‌లో అదే పాట పెట్టుకుంటే ముసలాయన నడకలా ఉంది. ఫైల్ తేడానా?

జ: ఫైల్ తేడా కాదు. మీరు ‘ఫిఫా 2002’ గేమ్‌లో విన్నది సోల్‌చైల్డ్ రీమిక్స్. వీడియోకి వాడింది కూడా అదే, అందుకే ఎక్కువమందికి అదే అసలు పాట అయిపోయింది. ఆల్బమ్‌లో ఉన్న నెమ్మది పాటే అసలుది. మాకైతే ఈ నెమ్మదిదే ఇష్టం. ఇందులో జపాన్ గాయని మిహో హతోరి గొంతు పక్కన వినిపించేది టాకింగ్ హెడ్స్ బ్యాండులో బేస్ వాయించిన టీనా వేమౌత్ గొంతు, వేగం పెంచితే ఆ ఇద్దరి గొంతుల్లోని తేడా గాలికి కొట్టుకుపోతుంది. కానీ వ్యాయామం చేసేటప్పుడు మీ వెర్షనే పెట్టుకోండి, దీంతో అవదు.

ప్ర: పన్నెండో పాటలో ఆ స్పానిష్ పెద్దాయన ఎవరు? పాట బాగుంది, కానీ ఈ ఆల్బమ్‌లో ఆయనకేం పని? ఏదో ‘మాకు అన్ని దేశాలూ తెలుసు’ అని చూపించుకోవడం కాదా?

జ: ఆయన ఇబ్రహీం ఫెర్రెర్, క్యూబా గాయకుడు, 1927లో పుట్టారు. పాటలు మానేసి, బతకడానికి బూట్లు పాలిష్ చేసుకుంటున్న రోజుల్లో పిలిచి ‘బుయెనా విస్టా సోషల్ క్లబ్’ ఆల్బమ్‌లో పాడించారు, 1997లో అది వచ్చాక డెబ్బై ఏళ్ల వయసులో ప్రపంచానికి తెలిశారు. అప్పట్లో ఆయన గొంతు అందరికీ కావలసి వచ్చింది, కాబట్టి మీ అనుమానం తప్పనలేం.

కానీ పాట విన్నాక మా అనుమానం పోయింది. పై పై పూత కోసం తెచ్చుకుంటే రెండు ఆలాపనలు పాడించుకుని పంపించేస్తారు. ఇక్కడ పాట మొత్తం ఆయన చేతికిచ్చారు. ఆయన తన పద్ధతిలో, తన తీరిక మీద పాడుకుంటూ పోతే, కింద డ్రమ్సూ బేసూ మాత్రం ఈ ఆల్బమ్‌వే, పక్కకి కదల్లేదు. ఎవరూ ఎవరిలా మారలేదు. ఇదే పాటకి ఆల్బర్న్ పాడిన ఇంగ్లిష్ వెర్షన్ కూడా ఉంది, అది విన్నాక ఫెర్రెర్ ఎందుకు కావలసి వచ్చారో మీకే అర్థమవుతుంది. మొత్తం ఆల్బమ్‌లో వేర్వేరు సంగీతాలు నిజంగా కలిసింది ఇక్కడే అని మా లెక్క, హిట్ పాటలో కూడా ఇంత కాదు.

ప్ర: ఇంత గొప్పదంటున్నారు, మరి అవార్డులేమైనా వచ్చాయా?

జ: బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ నామినేషన్ 2001లో వచ్చింది. మాకొద్దు, తీసేయండి అన్నారు. ఆ ఏడాది బహుమతి బ్రిటిష్ గాయని పీజే హార్వీకి వెళ్లింది.

ప్ర: ఫోన్‌లో పెట్టుకుని వంట చేస్తూ విన్నాను. ఏమీ లేదండీ ఇందులో. ఒకటే టక్ టక్, మధ్యలో ఎవరో గొణుగుతున్నారు.

జ: మీరు విన్నది ఆల్బమ్‌లో పైన ఉన్న సగమే. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ లోతైన బేస్‌ని పలికించలేదు, దాని సైజుకి అది కుదరదు. మామూలు సినిమా పాటైతే గొంతు, వయొలిన్లు వినిపిస్తాయి కాబట్టి లోటు తెలియదు. ఇందులో పాటని మోసేదే బేస్ అని మొదటి జవాబులో చెప్పాం కదా, అది పోతే మిగిలేది మీరన్న టక్ టక్కూ గొణుగుడే. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ‘టుమారో కమ్స్ టుడే’ ఒక్కటి వినండి. అప్పుడూ ఏమీ లేదనిపిస్తే ఇక ఈ ఆల్బమ్ మీది కాదు, బలవంతం లేదు.

ప్ర: 2005లో వచ్చిన వీళ్ల రెండో ఆల్బమ్ ‘డీమన్ డేస్’ ఇంతకన్నా చాలా బాగుంటుందని మా అక్క అంటోంది. ముందు ఏది వినాలి?

జ: మీ అక్క చెప్పింది కరెక్టే. నిర్మాత మారాడు, డేంజర్ మౌస్ వచ్చాడు, పాటలన్నీ ఒక గాడిలో పడ్డాయి, ‘పంక్’ లాంటి వృథా ముక్కలు లేవు. కొత్తగా వినేవాళ్లు దాన్నే ముందు వినడం తేలిక. మొదటి ఆల్బమ్‌లో మాత్రం వీళ్లకి ఏం చేస్తే ఏమవుతుందో ఇంకా తెలియదు, ఆ తెలియనితనం రెండోదాంట్లో దొరకదు. అది కావాలంటే ఇటు రండి, ఆరు నుంచి తొమ్మిది దాకా దాటేసి.